ఏ వాక్యానికి ఈ శిక్ష?

(గాడిచర్ల హరిసర్వోత్తమరావు స్మారకోపన్యాసం, ఇబ్రహీంపట్నం)

గాడిచర్లవారి పేరు మీద మాట్లాడమన్నారు కాబట్టి గ్రంథాలయోద్యమం గురించి చెబుతానని మీరనుకుని ఉంటారు. ఆయన జీవితంలో చాలా ఏళ్లు దానికీ వయోజన విద్యకీ ఇచ్చేశారు, నిజమే. కానీ గ్రంథాలయ సభలకన్నా ముందు ఆయన జైలు చూశారు. ఆ జైలుకి దారి మన బెజవాడ నుంచే పడింది. ఇవాళ ఆ దారి సంగతే మాట్లాడతాను.

1908 జూన్ 8న బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఒకే రోజు రెండు చట్టాలు చేసింది. ఒకటి పేలుడు పదార్థాల చట్టం. రెండోది పత్రికల చట్టం. అంతకు ఆరు వారాల ముందు, ఏప్రిల్ 30న, ముజఫర్‌పూర్‌లో ఎవరో జడ్జి కోసం వేసిన బాంబుకి ఇద్దరు ఆంగ్ల స్త్రీలు చనిపోయారు. బాంబు చేసేవాణ్ని పట్టుకోవడానికి చట్టం కావాలంటే ఎవరూ కాదనరు. పేలుడు పదార్థాల చట్టం నేటికీ అమల్లో ఉంది, ఉండవలసిందే. అయితే దానితోపాటు అదే పూట, హింసకు పురికొల్పే రాత అచ్చయిందని మేజిస్ట్రేటుకు తోస్తే అచ్చుయంత్రాన్నే జప్తు చేసుకోవచ్చని ఇంకో చట్టం ఎందుకు వచ్చింది? బాంబునీ అక్షరాన్నీ జంటగా చూసే అలవాటు మన పాలకులకి ఆ రోజునే పట్టుకుంది. అదే ఏడాది డిసెంబరులో మూడోది వచ్చింది, క్రిమినల్ లా సవరణ చట్టం. ఫలానా సంఘం చట్టవిరుద్ధమని ప్రభుత్వం గెజిట్‌లో వేస్తే చాలు, అందులో సభ్యుడైనందుకు ఆర్నెల్లు, దాన్ని నడిపినందుకు మూడేళ్లు. సభ్యుడు ఏం చేశాడు, ఏం అన్నాడు అన్న ప్రశ్నే లేదు.

ఈ మూడు చట్టాలూ పుట్టకముందు వచ్చిన రాతకే గాడిచర్లవారు దొరికిపోయారు. రాజమండ్రి ట్రైనింగు కాలేజీలో చదువుతూ, 1907లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాల వేడిలో వందేమాతరం అన్నందుకు కాలేజీ నుంచి గెంటించుకుని, బెజవాడ వచ్చి ‘స్వరాజ్య’ వారపత్రిక పెట్టారు. 1908 మార్చిలో స్వదేశీ ఉద్యమ నాయకుడు చిదంబరం పిళ్లై అరెస్టు మీద తిరునల్వేలిలో గొడవ జరిగింది, పోలీసులు కాల్పులు జరిపారు, నలుగురు పోయారు. ఆ కాల్పుల మీద ‘స్వరాజ్య’లో ‘విపరీత బుద్ధి’ అనే వ్యాసం వచ్చింది. పరదేశపు దొరని క్రూరమైన పులిగా సంబోధిస్తూ సాగిన రాత అది. ఆయనకప్పుడు పాతికేళ్లు కూడా నిండలేదు. రాజద్రోహం కింద కేసు పెట్టారు, ఆరు నెలలు వేశారు. అది చాలదని సర్కారు పైకి వెళ్లింది, మద్రాసు హైకోర్టు మూడేళ్లకి పెంచింది. వెల్లూరు జైలు. రాజద్రోహానికి శిక్షపడిన తొలి ఆంధ్రుడని మనం ఆయన్ని గొప్పగా చెప్పుకుంటాం.

నేను ఎత్తి చూపదలచినది ఒకటుంది. ఆ కేసులో ముద్దాయి మీద మోపిన నేరం ఒక వ్యాసం. ఏ తేదీ సంచిక, ఏ వాక్యం, అందులో ఏ మాట అన్నది ప్రాసిక్యూషన్ కోర్టులో చూపించక తప్పలేదు. హైకోర్టు ముందు ఆ వ్యాసాన్ని ఇంగ్లీషులో పెట్టాల్సి వచ్చింది. అన్యాయమైన శిక్షే, దుర్మార్గమైన చట్టమే. అయినా పరాయి రాజు కూడా ‘నువ్వు అన్నది ఇదీ, దీనికి నిన్ను శిక్షిస్తున్నాను’ అని చెప్పి శిక్షించాడు. ఏడాది తిరిగేలోపు సంగతి తేలింది. ముద్దాయికి తన నేరం ఏమిటో తెలుసు, ఊరికీ తెలుసు.

అంటే 1908 నుంచి మన దేశంలో రెండు వంశాల చట్టాలు నడుస్తున్నాయి. ఒకటి మాటను శిక్షించేది. రెండోది సావాసాన్ని శిక్షించేది. మాటను శిక్షించే చట్టం చెడ్డదని మనకందరికీ తెలుసు కాబట్టి దాని మీదే కొట్లాడుతూ వచ్చాం. 2022 మే 11న సుప్రీంకోర్టు రాజద్రోహం సెక్షన్‌ని పక్కనపెడితే పండగ చేసుకున్నాం. ఈలోపు రెండోది నిశ్శబ్దంగా ఎదిగి ఇంటి పెద్దయిపోయింది. ఉగ్రవాద వ్యతిరేక చట్టాలన్నీ ఆ రెండో వంశానివే.

దాని నడక కృష్ణా జిల్లాలో ఎలా సాగిందో చూడండి. 1932లో కాంగ్రెస్ సంఘాలని చట్టవిరుద్ధమన్నారు. స్వరాజ్యం వచ్చాక అదే ఆయుధం కమ్యూనిస్టుల మీదకి తిరిగింది. 1948లో విజయవాడలో ‘ప్రజాశక్తి’ మూతపడింది. 1949లో కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో మలబారు పోలీసులు మగవాళ్ల బట్టలు విప్పించి ఊరేగించారు. ఇవి విన్నవాళ్లు, కన్నవాళ్లు మన పెద్దల్లో ఉండేవారు, ఇప్పుడు ఒకరూ అరా మిగిలారేమో. అప్పట్లో ఈ జిల్లా మద్రాసు రాష్ట్రంలోది కనుక మద్రాసు మెయింటెనెన్స్ ఆఫ్ పబ్లిక్ ఆర్డర్ చట్టమే మనకీ చట్టం. దాని కిందే 1950 మార్చి 1న బొంబాయి నుంచి వచ్చే ‘క్రాస్ రోడ్స్’ వారపత్రికని రాష్ట్రంలోకి రానివ్వద్దన్నారు. దాని సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకి వెళ్లాడు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి నాలుగు నెలలు. ప్రజాభద్రత అనే వదులు మాట పట్టుకుని పత్రిక నోరు కట్టకూడదని మే 26న పతంజలి శాస్త్రిగారు తీర్పు రాశారు. మరుసటి ఏడాది జూన్‌లో పార్లమెంటు రాజ్యాంగాన్నే సవరించి ‘పబ్లిక్ ఆర్డర్’ అనే మాటని అందులో చేర్చింది. రాజ్యాంగానికి మొదటి సవరణ వాక్‌స్వాతంత్ర్యం మీదనే చెయ్యిపెట్టిందని మన పిల్లలకి పాఠాల్లో చెప్పరు.

అదే రోజుల్లో ఇంకో కేసు ఉంది, నాకు దీని మీద మక్కువ ఎక్కువ. మద్రాసులో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అని ఒకటి, రాజకీయ సామాజిక సమస్యల అధ్యయనం పెంచడానికి పెట్టుకున్నది. 1950 మార్చి 10న దాన్ని 1908 నాటి చట్టం కింద చట్టవిరుద్ధమన్నారు. దాని కార్యదర్శి వి.జి. రావు ఒక బారిస్టరు, కోర్టుకి వెళ్లాడు. సర్కారు తన మనసుకి తోచిందని సంఘాన్ని మూసెయ్యడం, దాన్ని కోర్టులో పరీక్షించే దారే లేకపోవడం రాజ్యాంగానికి సరిపడదని 1952 మార్చి 31న సుప్రీంకోర్టు తేల్చింది. సావాసాన్ని శిక్షించే చట్టానికి తగిలిన మొదటి దెబ్బ అది. 1967లో చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) రాసినవాళ్లు ఆ దెబ్బని మరచిపోలేదు. నిషేధం పెట్టాక హైకోర్టు జడ్జి ట్రిబ్యునల్ దాన్ని చూడాలని రాసి ఊరుకున్నారు. ఆ చట్టంలో మొదట ఉగ్రవాదం ఊసే లేదు, దేశాన్ని చీల్చే ప్రయత్నాల కోసమని తెచ్చారు. ఉగ్రవాదం కోసమని 1985లో టాడా వేరుగా వచ్చింది. పదేళ్లలో 76,000 మందికి పైగా అరెస్టయితే శిక్షలు పడింది నూటికి ఇద్దరికన్నా తక్కువ. మన రాష్ట్రంలోనూ దాన్ని విరివిగా వాడారు. 2002లో పోటా. టాడా, పోటా రెండింటికీ గడువు ఉండేది, గడువు తీరితే పార్లమెంటు మళ్లీ చర్చించాలి. 2004లో పోటాని రద్దు చేశామన్న పేరుతో దాని సరుకు చాలావరకూ ఉపాలోకి దింపేశారు. ఉపాకి గడువు లేదు. 2008లో బొంబాయి దాడుల తర్వాత బెయిలు నిబంధన బిగించారు. 2019 నుంచి సంఘంతో పనిలేకుండా ఒక మనిషినే ఉగ్రవాది అని గెజిట్‌లో వేయవచ్చు.

చట్టం లోపల చూస్తే ఇంకో వింత ఉంది. భారతదేశం పట్ల అప్రీతి కలిగించడం ఉపాలో ‘చట్టవిరుద్ధ కార్యకలాపం’ నిర్వచనంలోనే ఉంది. గాడిచర్లవారిని వెల్లూరుకి పంపిన రాజద్రోహం సెక్షన్‌కి ప్రాణమే ఆ అప్రీతి. ముందు వాకిలి దగ్గర సుప్రీంకోర్టు తాళం వేసింది, పెరటి తలుపు తీసే ఉంది.

ఇప్పుడు బెయిలు. మీలో కోర్టు గుమ్మం ఎక్కినవాళ్లకి తెలుసు, మామూలు కేసులో ప్లీడరు లేచి సాక్ష్యం ఇంత బలహీనంగా ఉంది, ముద్దాయి ఎక్కడికీ పారిపోడు అని వాదిస్తాడు, జడ్జి ఆలోచిస్తాడు. ఉపాలో ఆ వాదనకి చోటు లేదు. పోలీసు కాగితాలు పైపైన చూస్తే ఆరోపణ నిజమనిపిస్తే బెయిలు ఇవ్వకూడదు. 2019 ఏప్రిల్‌లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు దిగి, ఆ దశలో ఆ కాగితాల్ని తూకం వెయ్యకూడదు, ఉన్నవి ఉన్నట్టు తీసుకోవాలి అంది. ఛార్జిషీటుకి 90 రోజులకి బదులు, కోర్టు ఒప్పుకుంటే, 180 రోజులదాకా దొరుకుతాయి. విచారణ ఎప్పుడు మొదలవుతుందో దేవుడికెరుక. కేంద్ర హోంశాఖ పార్లమెంటుకి ఇచ్చిన లెక్కలో 2016 నుంచి 2020 దాకా ఉపా కింద అరెస్టయిన 24,134 మందిలో శిక్షపడింది 212 మందికి, నిర్దోషులన్నది 386 మందిని. మిగిలినవాళ్ల సంగతి ఏ తీర్పులోనూ లేదు.

మాట మీద పెట్టే కేసులో వాక్యం చూపించాలన్నాను కదా. ఉపాలో చూపించనక్కర్లేదు. నీ వ్యాసం, నీ కవిత, నీ అల్మరాలోని పుస్తకం నేరమని ఎవరూ అనరు. అవన్నీ నువ్వు ఎవరి మనిషివో చెప్పే ఆనవాళ్లు. ‘ఇందులో తప్పేముంది’ అని అడిగే అవకాశమే నీకు రాదు. ఈ ఊరివాళ్లకి థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద గురించి నేను చెప్పాలా? ఆ బూడిద ఎవరినీ ఉద్దేశించి రాదు, మేడ మీద ఆరేసిన బట్టలన్నిటి మీదా పడుతుంది. ఈ చట్టమూ అంతే.

ఈ పద్ధతి మన కవులకి కొత్త కాదు. 1974లో సికింద్రాబాద్ కుట్రకేసు పెట్టారు. వరవరరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్ వంటి విప్లవ రచయితల సంఘం (విరసం) రచయితలు ముద్దాయిలు, వాళ్ల రచనలూ ఉపన్యాసాలూ సాక్ష్యం. కన్నబిరాన్‌గారు నల్లకోటు వేసుకుని ఏళ్లతరబడి ఆ కేసు మోశారు. 1989లో అందరూ నిర్దోషులని తీర్పు వచ్చింది. చెరబండరాజు 1982 జులైలోనే చనిపోయాడు. ఆయన నిర్దోషి అన్నమాట ఆయన వినలేదు.

2005లో వేరే రకం. ఆగస్టు 15న ఎమ్మెల్యే నర్సిరెడ్డినీ మరి కొందరినీ మావోయిస్టులు నారాయణపేటలో కాల్చి చంపారు. ఘోరం. రెండు రోజులకి ప్రభుత్వం 1992 నాటి ప్రజాభద్రతా చట్టం కింద మావోయిస్టు పార్టీతోపాటు విరసాన్నీ నిషేధించింది. కాల్పులకీ కవిత్వానికీ ఒకే గెజిట్. ఆ చట్టంలో సలహా సంఘం ఒకటుంది, న్యాయమూర్తులు కూర్చుంటారు. వాళ్లు కాగితాలు తెప్పించుకుని చూశారు, విరసాన్ని నిషేధించడానికి తగిన కారణాలు లేవన్నారు. నవంబరులో నిషేధం ఎత్తేశారు. అడిగేవాడుంటే మూడు నెలల్లో తేలింది, గమనించండి.

అడిగేవాడు ఆలస్యంగా వస్తే ఏమవుతుందో అమలాపురం బిడ్డ సాయిబాబా జీవితం చూస్తే అర్థమవుతుంది. చక్రాల కుర్చీలో తిరిగే ఇంగ్లీషు అధ్యాపకుడు. 2014 మేలో ఉపా కింద అరెస్టు. 2017 మార్చి 7న గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ప్రాసిక్యూషన్‌కి అనుమతి పత్రం సరిగా లేదని విడిచిపెట్టమంది. మర్నాడు శనివారం, సెలవు రోజు. సుప్రీంకోర్టు ఆ రోజే కూర్చుని ఆ తీర్పుని ఆపేసింది. ఒక వికలాంగుడు శనివారం ఇల్లు చేరకుండా ఆపడానికి అంత తొందర దేనికో నాకు ఇప్పటికీ అర్థంకాదు. తిరిగి విచారించిన హైకోర్టు 2024 మార్చి 5న సాక్ష్యం చూసి మరీ నిర్దోషి అంది. మావోయిస్టు సాహిత్యం ఇంటర్నెట్లోంచి దించుకున్నంతమాత్రాన నేరం కాదని చెప్పింది. ఆ మాట పదేళ్ల కింద ఏ జడ్జి అయినా చెప్పగలిగేదే. ఆయన ఆ అక్టోబరు 12న నిమ్స్‌లో చనిపోయారు. సహముద్దాయిల్లో ఒకరు అంతకుముందే, 2022 ఆగస్టులో, ఖైదులోనే పోయారు.

వరవరరావుగారిని 2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసులో ఉపా కింద హైదరాబాద్ ఇంట్లో అరెస్టు చేశారు. అదే రోజు సోదా జరిగిన ఇంకో ఇంట్లో, ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుణ్ని, గోడ మీద దేవుడి పటాలకి బదులు ఫూలే, అంబేడ్కర్ పటాలెందుకని అడిగారు. ఆయనే పత్రికలకి చెప్పారు. పంచనామాలో ఆ ప్రశ్న రాయరు, అయినా ఆ ప్రశ్నలోనే కేసు మొత్తం ఉంది. 80 దాటిన వరవరరావుకి 2021 ఫిబ్రవరిలో అనారోగ్యం మీద తాత్కాలిక బెయిలు, 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు నుంచి పూర్తి బెయిలు వచ్చాయి, కోర్టు అనుమతి లేకుండా బొంబాయి దాటకూడదనే షరతుతో. తెలుగు కవి తెలుగు వినపడని చోట ఉండాలి. ఆ షరతుకి ఏ వాక్యం కారణం?

సుప్రీంకోర్టు రెండు దారుల్లోనూ నడుస్తోంది. 2021 ఫిబ్రవరిలో నజీబ్ కేసులో, విచారణ సాగక మనిషి ఏళ్లు మగ్గుతుంటే ఉపా అయినా బెయిలు ఇవ్వొచ్చు అంది. 2023 జులై 28న వర్నన్ గొన్సాల్వెజ్ కేసులో, ఇంట్లో పుస్తకాలు దొరికితే అది ఉగ్రవాదం కాదంది. కానీ అదే ఏడాది మార్చి 24న అరూప్ భూయాన్ తీర్పుని తిరగరాసింది. నిషేధిత సంఘంలో ఊరికే సభ్యుడైనందుకు శిక్షించకూడదు, హింసకి దిగాలి లేదా దిగమని పురికొల్పాలి అని 2011లో చెప్పిన మాట అది. ఇప్పుడు సభ్యత్వమే చాలు. 1908 డిసెంబరు చట్టం ఎక్కడ ఆగిందో అక్కడికి తిరిగి వచ్చాం. అంతకు ఎనిమిదేళ్ల ముందు అదే మార్చి 24న, అభిప్రాయం వేరు, సమర్థన వేరు, పురికొల్పడం వేరు అని శ్రేయా సింఘాల్ కేసులో చెప్పింది కూడా ఈ కోర్టే.

ఇక మన రెండు రాష్ట్రాల తాజా ముచ్చట. 2021 మార్చి 31న జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) ఆంధ్ర, తెలంగాణల్లో పౌరహక్కుల సంఘం వాళ్ల ఇళ్లూ విరసం వాళ్ల ఇళ్లూ సోదా చేసింది. విశాఖ ఏజెన్సీలో ముంచంగిపుట్టు స్టేషన్లో 2020లో పెట్టిన కేసు ఆధారం. ఫోన్లు, హార్డుడిస్కులు, పుస్తకాలు పట్టుకుపోయారు. 2023 అక్టోబరు 2న మళ్లీ. గాంధీ జయంతి పూట అని నేను చెప్పక్కర్లేదు. మధ్యలో తాడ్వాయి. ములుగు జిల్లా తాడ్వాయి స్టేషన్లో 2022 ఆగస్టు 19న ఉపా కింద ఎఫ్ఐఆర్ కట్టారు. 152 మంది పేర్లు. ప్రొఫెసర్ హరగోపాల్ ఉన్నారందులో. బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి హెచ్. సురేశ్ ఉన్నారు, ఆయన 2020 జూన్‌లోనే చనిపోయారు. దాదాపు ఏడాది ఆ కాగితం ఎవరికీ తెలియకుండా స్టేషన్లో ఉంది. 2023 జూన్‌లో బయటపడి గొడవైతే ముఖ్యమంత్రి కల్పించుకుని హరగోపాల్ తదితరుల మీద కేసు తీసెయ్యమన్నారు. పెద్దమనిషి కాబట్టి తీసేశారు. ఆ జాబితాలో పేరుమోయని పల్లెటూరి మనిషి ఉంటే ఎవరి చుట్టూ తిరగాలి?

మీలో ఒకరు సభకి ముందు నన్ను అడిగారు, అయ్యా, బాంబులు వేసేవాళ్ల మాటేమిటి అని. న్యాయమైన ప్రశ్న. 2003లో అలిపిరిలో మందుపాతర పేలింది. 2007 ఆగస్టు 25న హైదరాబాదులో గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో 40 మందికి పైగా పోయారు. 2018 సెప్టెంబరులో అరకు ఎమ్మెల్యేనీ మాజీ ఎమ్మెల్యేనీ పట్టపగలు చంపారు. ఆ ఇళ్ల ఏడుపు ముందు నేను హక్కుల పాఠం చెప్పను. కానీ అదే 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగినప్పుడు పోలీసులు ఏం చేశారు? పాతబస్తీ కుర్రాళ్లని పట్టుకెళ్లి కొట్టారు, జైల్లో పెట్టారు, వాళ్లు నిర్దోషులని కోర్టులు తేల్చాయి. 2012లో ప్రభుత్వం తప్పు ఒప్పుకుని జైలుకెళ్లిన 20 మందికి మూడేసి లక్షలూ, పట్టుకుని వదిలిన 50 మందికి ఇరవైవేల చొప్పునా పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వునీ కొట్టేసింది. ఈలోగా కేసు ఎన్ఐఏకి పోయి, వేరే ముద్దాయిలొచ్చి, 2018 ఏప్రిల్ 16న వాళ్లూ విడుదలయ్యారు. ఆ మసీదులో చనిపోయినవాళ్లని ఎవరు చంపారో మనకి నేటికీ తెలీదు. కఠిన చట్టం ఉంటే అసలు దోషి దొరుకుతాడన్న నమ్మకం ఉన్నవాళ్లు ఆ కేసు ఒక్కటి మొదటి నుంచి చదవాలి.

బయటి దేశాల్లో మెరుగేమీ కాదు. బ్రిటన్ 2025 జులైలో పాలస్తీనా యాక్షన్ అనే బృందాన్ని ఉగ్రవాద చట్టం కింద నిషేధించింది. ఆ బృందాన్ని సమర్థిస్తున్నామని అట్టముక్క పట్టుకుని లండన్లో కూర్చున్నందుకు ఆగస్టు 9న ఒక్కరోజే 500 మందికి పైగా అరెస్టయ్యారు. వాళ్లలో ముసలివాళ్లు చాలామంది. మనకి చట్టం నేర్పిన దేశం ఇప్పుడు మన పాఠం నేర్చుకుంటున్నట్టుంది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 113వ సెక్షన్ ఉగ్రవాద నేరాన్ని మామూలు శిక్షాస్మృతిలోకే తెచ్చింది. దాని కింద కేసు కట్టాలా, ఉపా కింద కట్టాలా అన్నది ఎస్పీ స్థాయి అధికారి నిర్ణయిస్తాడు. ఉపా అయితే బెయిలు దుర్లభం, 113 అయితే మామూలు నిబంధనలు. ఒకే పనికి రెండు తలుపులు, ఏ తలుపు తెరవాలో పోలీసే చెబుతాడు. ఎలా ఎంచాలో చట్టంలో ఒక్క ముక్క లేదు. దీని మీద మన బార్ అసోసియేషన్లు గట్టిగా మాట్లాడాలి, ఇప్పటిదాకా అంత గట్టిగా వినపడలేదు.

ఉపాని రద్దు చెయ్యమని నేను చాలా సభల్లో అడిగాను, ఇక్కడా అడుగుతాను. అది జరిగేదాకా ఒక చిన్న నియమం కావాలి. రాత, మాట, పుస్తకం, పాట, ప్లకార్డు, వీటిలో ఏదైనా కేసుకి ఆధారమైతే, ఆ వాక్యం ఏదో మొదటి రిమాండు రిపోర్టులోనే ఉన్నదున్నట్టు రాయాలి. దానివల్ల ఏ పని జరిగిందో, జరగబోయిందో పక్కనే రాయాలి. రాయలేకపోతే ఆ ముద్దాయి విషయంలో బెయిలు నిబంధన మామూలు కేసులకున్నదే వర్తించాలి. 1908లో గాడిచర్లవారికి దొరికినంత మర్యాదే నేనడుగుతున్నది. ఆ నియమం తాడ్వాయి స్టేషన్లో ఉండి ఉంటే 152 పేర్లలో ఎన్ని మిగిలేవో ఆ ఎఫ్ఐఆర్ రాసిన అధికారే లెక్క చెప్పాలి.